క్యాప్ బిగించిన తర్వాతి సంగతి: ఇంప్లాంట్లు పెట్టే డాక్టర్లకు ఒక చిగుళ్ళ డాక్టర్ బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో పంటి ఇంప్లాంట్లు పెడుతున్న తోటి డాక్టర్లకు,

నమస్కారం.

నేను చిగుళ్ళ డాక్టర్ని. కృష్ణా, గుంటూరు జిల్లాల సరిహద్దులో ఒక చిన్న పట్నంలో 17 ఏళ్ళుగా ప్రాక్టీసు చేస్తున్నాను. ఇంప్లాంట్లు (పోయిన పంటి చోట ఎముకలో దించే స్క్రూ లాంటి టైటానియం ముక్క, దానిమీద పన్ను ఆకారంలో క్యాప్) నేనూ పెడతాను. కాబట్టి బయట నిలబడి వేలెత్తి చూపిస్తున్నాననుకోకండి. ఇది మనలో మనం మాట్లాడుకోవలసిన విషయమే. అయినా నలుగురూ చదివేలా రాస్తున్నానంటే, ఇందులో సగం సంగతులు పేషెంట్లకు కూడా తెలియాలి. మనం చెప్పకపోవడం వల్లే వాళ్ళకి తెలియకుండా పోయాయి.

పోయిన ఏడాది ఎండాకాలంలో ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు మా క్లినిక్‌కి వచ్చారు. వయసు 66. కింది దవడలో కుడివైపు రెండు ఇంప్లాంట్లు, పెట్టించుకుని నాలుగేళ్ళయింది. "నొప్పేమీ లేదు డాక్టరమ్మా, గట్టిగానే ఉన్నాయి. తోముకుంటుంటే రక్తం వస్తోంది. నోరు వాసనొస్తోందని మనవరాలు ఒళ్ళో కూర్చోవడం లేదు" అన్నారు. చేతిలో మందుల షాపు కవరు. ఎవరైనా అడిగితే చూపిద్దామని ఖాళీ స్ట్రిప్పులన్నీ దాచి తెచ్చారు. అమాక్సిసిలిన్, మెట్రోనిడజోల్, రెండూ యాంటీబయాటిక్సే. ఏడాదిన్నరలో మూడు కోర్సులు. వాడినప్పుడల్లా వారం పది రోజులు తగ్గినట్టుండేదట, మళ్ళీ మొదలయ్యేదట. రక్తం చూసి భయపడి ఆ వైపు బ్రష్ పెట్టడమే మానేశారు.

ఆ ఏడాదిన్నరలో ఆ ఇంప్లాంట్ల చుట్టూ ఒక్కసారి కూడా ఎవరూ ప్రోబ్ (చిగురు లోతు కొలిచే గీతలున్న సన్నటి పుల్ల) పెట్టి చూడలేదు.

నేను పెట్టాను. నాలుకవైపు ఒకచోట 7 మిల్లీమీటర్లు దిగింది. తీసేలోపే రక్తం పైకి ఉబికింది. ఆర్‌వీజీ (పంటి డిజిటల్ ఎక్స్-రే) తీస్తే ఇంప్లాంట్ పై మరల, అంటే స్క్రూ గాట్ల, దాకా ఎముక దిగిపోయి కనిపించింది. ఇంకోటి కూడా కనిపించింది. రెండో ఇంప్లాంట్ పక్కన, క్యాప్ అంచుకి కాస్త కింద, బియ్యపు నూకంత తెల్లటి మచ్చ. నాలుగేళ్ళ కిందట క్యాప్ అతికించినప్పుడు చిగురు కిందికి జారిపోయిన సిమెంట్ అది.

మత్తిచ్చి, క్యాప్ మధ్యలో చిన్న కన్నం చేసి, లోపలి స్క్రూ వదులు చేసి క్యాప్‌ని బయటికి తీశాను. తీసిన క్షణంలో వచ్చిన వాసనకి నా అసిస్టెంట్ మాస్కు మీద చెయ్యి పెట్టుకుంది. చిగురు లోపలి గోడ పండిన టొమాటోలా ఉంది, తాకితే రక్తం. టైటానియం క్యూరెట్ (గీరే పరికరం)తో సిమెంట్‌ని పెళ్ళలు పెళ్ళలుగా రాల్చాను. గీరుతున్నప్పుడు మొదట గరగరమని చప్పుడొస్తుంది. శుభ్రమయ్యే కొద్దీ ఆ చప్పుడు సన్నబడుతుంది. చేతికీ తెలుస్తుంది, చెవికీ తెలుస్తుంది. తర్వాత ప్లాస్టిక్ మొన ఉన్న అల్ట్రాసోనిక్ (కంపనంతో శుభ్రం చేసే) మిషన్‌తో ఇంకోసారి తిరిగి, సెలైన్‌తో కడిగి, తాత్కాలికంగా చిన్న మూత బిగించాను. కత్తి ముట్టుకోలేదు, ఒక్క కుట్టు కూడా వెయ్యలేదు. మొత్తం 50 నిమిషాలు.

క్యాప్‌ని ల్యాబ్‌కి పంపాను. దాని అడుగు అంత వెడల్పుగా, గట్టులా బయటికి వచ్చి ఉంటే ఏ బ్రష్ అయినా చిగురు అంచుకి చేరదు. అరగదీసి, నునుపు చేసి, సందు చిన్న బ్రష్ దూరేంత వదలమన్నాను. మూడు రోజులకి వచ్చింది. ఈసారి సిమెంట్ పని లేదు, స్క్రూతో బిగించి పైన కన్నం మూశాను. మాస్టారికి అద్దం ఇచ్చి, ఇంటర్‌డెంటల్ బ్రష్ ఎలా దూర్చాలో ఆయన చేతే చేయించాను. మొదటి రెండుసార్లు గుచ్చుకుంది. మూడోసారి సరిగ్గా దూరింది. రెండు వారాలు సూక్ష్మజీవుల్ని చంపే క్లోర్‌హెక్సిడిన్ మందుతో పుక్కిలించమన్నాను. షుగర్ ఉందన్నారు కదా అని హెచ్‌బీఏ1సీ (దాదాపు మూడు నెలల షుగర్ సగటు చెప్పే పరీక్ష) చేయిస్తే 9.2. ఆయన డాక్టరుగారికి చీటీ రాసిచ్చాను.

పది వారాలకి వచ్చారు. 7 ఉన్నచోట 4. రక్తం లేదు. ఎక్స్-రేలో పోయిన ఎముక తిరిగి రాలేదు, ఆ మాట దాచకుండా చెప్పాను. కానీ అప్పటినుంచి ఇంకా దిగడమూ లేదు. యాంటీబయాటిక్ ఒక్క బిళ్ళ కూడా రాయలేదు.

ఈ పనిలో మీ దగ్గర లేని పరికరం ఏముందో చెప్పండి. ప్రోబ్ ప్రతి క్లినిక్‌లోనూ ఉంటుంది. టైటానియం క్యూరెట్ సెట్టు ఒక్క ఇంప్లాంట్ ఫీజులో చిన్న వంతు. కరువైంది ఆ 50 నిమిషాలే, అంతకన్నా ముందు చిగురు వంక చూసే అలవాటు.

ఇది పేషెంట్లకోసం కాస్త వివరంగా రాస్తాను, మీకు తెలిసినదే అయినా ఓపిక పట్టండి. సొంత పంటికి చుట్టూ సన్నటి నారపోగుల్లాంటి కణజాలం ఉంటుంది. అది ఒకవైపు పంటి వేరులోకీ, ఇంకోవైపు ఎముకలోకీ, చిగురులోకీ అడ్డంగా పాతుకుని ఉంటుంది. పాచి కిందికి పోకుండా అదొక కంచె. ఇంప్లాంట్‌కి ఆ పాతుకోవడం లేదు. చిగురులోని పోగులు టైటానియం పక్కనే నిలువుగా నడుస్తాయి, దాన్ని ఆనుకుని ఉంటాయి కానీ దానిలోకి దిగవు. రక్తప్రసరణ కూడా సొంత పంటి చుట్టూ ఉన్నంత ఉండదు. అందుకే ఇంప్లాంట్ చుట్టూ ఒకసారి జబ్బు లోపలికి దిగిందంటే, పంటి చుట్టూ కన్నా వేగంగా ఎముకని తింటుంది. ఎముకలో పట్టు దొరకాలని గరుకుగా చేసిన ఉపరితలమూ, మరలూ ఒకసారి బయటపడ్డాయంటే అవే సూక్ష్మజీవులకి గూడు.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది నొప్పి లేకపోవడం. పన్నయితే జివ్వుమంటుంది, కదులుతుంది, నమలనివ్వదు. ఇంప్లాంట్ పుచ్చదు, చల్లనీళ్ళు తగిలినా తెలియదు. కింద కాస్త ఎముక మిగిలినా బిగువుగానే ఉంటుంది. కదలడం మొదలైన రోజుకి కాపాడుకోవడానికి ఏమీ మిగలదు. అమెరికాలో ఉన్న కొడుకు వీడియో కాల్‌లో "నొప్పి ఉందా నాన్నా?" అని అడుగుతాడు. "లేదురా, బ్రహ్మాండంగా ఉంది" అంటాడు తండ్రి. ఇద్దరూ నిజమే మాట్లాడుకుంటున్నారు. లోపల ఎముక మాత్రం దిగుతూనే ఉంటుంది.

జబ్బుకి రెండు మెట్లున్నాయి. మొదటిది మ్యూకోసైటిస్. చిగురు ఎర్రబడుతుంది, ప్రోబ్ తగిలితే రక్తం వస్తుంది, ఎముక మాత్రం పదిలం. రెండోది పెరి-ఇంప్లాంటైటిస్. రక్తంతో పాటు చీము రావచ్చు, లోతు పెరుగుతుంది, ఎముక పోతుంది. మొదటి మెట్టు మీద ఉన్నప్పుడు కత్తి అవసరం లేకుండా పూర్తిగా వెనక్కి మళ్ళించవచ్చు. ఈ ఉత్తరంలో నేను మిమ్మల్ని పట్టుకుని అడగబోయేదంతా ఆ మొదటి మెట్టు గురించే.

ఆ మెట్టు ఎంత త్వరగా వస్తుందో చూడండి. ఆరోగ్యంగా ఉన్న 15 మంది చేత మూడు వారాలు తోమడం ఆపించి చేసిన ఒక అధ్యయనం 2012లో వచ్చింది. ఆ కాస్త కాలంలోనే ఇంప్లాంట్ల చుట్టూ చిగురు వాచింది, పళ్ళ చుట్టూ కన్నా ఎక్కువగా రక్తం వచ్చింది. మళ్ళీ మూడు వారాలు శుభ్రంగా తోమించినా చిగురు పూర్తిగా మొదటి స్థితికి రాలేదు, ఇంకొంత కాలం పట్టేలా ఉంది. అంటే పండక్కి ఊరెళ్ళి బ్రష్ సంగతి మరిచిపోయిన మనిషి చిగురుకి కూడా లెక్క రాసి ఉంటుంది. అదే ఏడాది బ్రెజిల్ నుంచి వచ్చిన అధ్యయనం నా ప్రాక్టీసునే మార్చింది. అప్పటికే మ్యూకోసైటిస్ ఉన్నవాళ్ళని ఐదేళ్ళు గమనించారు. క్రమం తప్పకుండా డాక్టరు దగ్గరికి వచ్చి శుభ్రం చేయించుకున్నవాళ్ళలో 18 శాతం మందికి జబ్బు రెండో మెట్టుకి దిగింది. రానివాళ్ళలో అది 43.9 శాతం. మందులో, లేజరో, కొత్త మిషనో ఇచ్చిన తేడా కాదిది. మనిషిని పిలిచి, కూర్చోబెట్టి, శుభ్రం చేసి పంపినందుకు వచ్చిన తేడా.

ఇదేదో మన దగ్గర మాత్రమే ఉన్న నిర్లక్ష్యమని కూడా అనుకోకండి. టైటానియం ఎముకతో కలిసిపోతుందని గ్రహించిన బ్రోనెమార్క్ స్వీడన్‌వాడు. మనిషికి అలాంటి మొదటి ఇంప్లాంట్లు 1965లో ఆయన చేతుల మీదుగానే పడ్డాయి. ఆ స్వీడన్‌లోనే, ఇంప్లాంట్లు పెట్టించుకుని తొమ్మిదేళ్ళయిన 427 మందిని పరీక్షించి 2016లో లెక్క ప్రచురించారు. అందులో 14.5 శాతం మందికి ఎముక 2 మిల్లీమీటర్లకి మించి పోయింది, అది కూడా రక్తమో చీమో వస్తున్న ఇంప్లాంట్ల దగ్గర. పుట్టింట్లోనే అలా ఉంటే, రీకాల్ (పేషెంట్‌ని మళ్ళీ మళ్ళీ పిలిచి చూడడం) అన్న మాటే లేని చోట ఏమవుతుందో ఆలోచించండి.

ఇక వైద్యం. యూరప్ చిగుళ్ళ వైద్యుల సమాఖ్య 2023లో ఇంప్లాంట్ల చుట్టూ వచ్చే జబ్బులకు మార్గదర్శకాలు ఇచ్చింది. జబ్బు ఏ మెట్టులో ఉన్నా ముందు కత్తి లేని వైద్యమే మొదలుపెట్టమంటుంది. పాచి, గార తీయడం, తోమడం నేర్పడం, క్యాప్ అడ్డమైతే దాన్ని తీసి సరిచేయడం, షుగరూ పొగా అదుపులో పెట్టించడం. రెండో మెట్టులో ఉన్నవాళ్ళని 6 నుంచి 12 వారాల్లో మళ్ళీ కొలవమంటుంది. అప్పటికీ లోతు 6 మిల్లీమీటర్లో ఆపైనో ఉండి రక్తమో చీమో వస్తుంటే సర్జరీ గురించి ఆలోచించాలి. ఈ మొదటి దశలో నోటి ద్వారా ఇచ్చే యాంటీబయాటిక్స్‌ని సిఫారసు చేయడం లేదు. లేజర్‌ని అదనంగా వాడమని కూడా చెప్పడం లేదు. పొడి చల్లే మిషన్లతో పాచి బాగానే పోతుంది, పేషెంట్‌కి సుఖంగానూ ఉంటుంది. మ్యూకోసైటిస్‌లో నేనూ వాడతాను. కానీ అది లేదని ఏ డాక్టరూ వైద్యం వాయిదా వేయనక్కర్లేదు.

మాస్టారి కవర్లోని స్ట్రిప్పుల గురించి ఇంకొంచెం చెప్పాలి. పాచి గట్టిపడి సిమెంట్‌కో, మరలకో అంటుకుని కూర్చున్నాక బిళ్ళ మింగితే మందు అక్కడిదాకా చేరేది చాలా తక్కువ. చిగురు వాపు కొన్నాళ్ళు తగ్గుతుంది, పేషెంట్‌కి నమ్మకం కుదురుతుంది, మనకి ఊపిరాడుతుంది. కారణం అక్కడే ఉంటుంది. ఆ పది రోజుల నెమ్మది వల్ల నెలలు పోతాయి, ఎముక పోతుంది. మందులకి లొంగని సూక్ష్మజీవులు మన ఆస్పత్రుల్లో ఎంత పెద్ద సమస్యో వేరే చెప్పక్కర్లేదు. ముఖం వాచి, జ్వరమొచ్చి, చీము పాకుతుంటే యాంటీబయాటిక్ ఇవ్వండి, తప్పకుండా ఇవ్వాలి. తోముతుంటే రక్తం వస్తోందని ఫోన్ చేసిన మనిషికి వాట్సాప్‌లో చీటీ పంపడం మాత్రం మానేద్దాం.

సిమెంట్ విషయంలో నాకూ తప్పుంది. ప్రాక్టీసు మొదలుపెట్టిన మూడో ఏట నేను అతికించిన క్యాప్ ఒకటి రెండేళ్ళకి చీముతో తిరిగొచ్చింది. మా ఊళ్ళో కూరగాయలమ్మే ఆవిడ. డబ్బు కూడబెట్టి పెట్టించుకున్న పన్ను. క్యాప్ తీసి చూస్తే నా చేతి సిమెంటే. ఆవిడకి అదే చెప్పాను, ఇది నా పొరపాటేనని. శుభ్రం చేశాను, తగ్గింది, డబ్బు తీసుకోలేదు. ఆ రోజు రాత్రి పాత రిజిస్టర్ ముందేసుకుని సిమెంట్‌తో అతికించిన క్యాపులన్నీ వెతికి ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను. 11 మంది వచ్చారు, ముగ్గురిలో సిమెంట్ దొరికింది. 2009లో వచ్చిన ఒక అధ్యయనంలో చిగురు జబ్బు పడ్డ ఇంప్లాంట్లని సన్నటి కెమెరాతో లోపల చూస్తే 81 శాతం చోట్ల మిగిలిపోయిన సిమెంట్ ఉంది. దాన్ని తీసేశాక వాటిలో 74 శాతం చోట్ల జబ్బు లక్షణాలు పోయాయి. కొన్ని రకాల సిమెంట్ ఎక్స్-రేలో కనిపించదు కూడా. కాబట్టి వీలైన ప్రతిచోటా స్క్రూతో బిగించే క్యాపే వేయండి. సిమెంట్ తప్పదంటే అంచుని చిగురుకి మరీ కిందకి దించకండి, పూసేటప్పుడు పిసరంతే పూయండి, అతికించాక ఆ రోజే ఒక ఆర్‌వీజీ తీయండి, వారంలో ఇంకోసారి పిలిచి చూడండి.

ప్రోబ్ పెడితే ఇంప్లాంట్ పాడవుతుందని ఇప్పటికీ చాలామంది భయపడుతున్నారు. నాతో వాదించిన సీనియర్లు కూడా ఉన్నారు. తేలిక చేత్తో పెట్టండి, పావు న్యూటన్ ఒత్తిడి చాలు, అంటే పాతిక గ్రాముల బరువు ఆనించినట్టు. జంతువుల మీద చేసిన పరీక్షలో ప్రోబ్ పెట్టినచోట చిగురు 5 రోజుల్లో మళ్ళీ అతుక్కుంది. ప్రోబ్ పెట్టకపోతే పోయే ఎముక మాత్రం తిరిగి అతుక్కోదు. గార తీసే స్టీల్ స్కేలర్ మొన టైటానియం మీద పెట్టకండి, గీతలు పడతాయి. టైటానియమో, ప్లాస్టిక్ మొనో వాడండి. "ఇంప్లాంట్‌ని ముట్టుకోకూడదు" అన్న మాట మాత్రం ఇక వదిలేద్దాం. ఆ ఒక్క మాట వల్ల ఎన్నో నోళ్ళలో ఏళ్ళ తరబడి ఇంప్లాంట్ చుట్టూ గార అలాగే ఉండిపోయింది.

కత్తి లేని వైద్యం అన్నిటికీ సరిపోతుందని చెప్పి మిమ్మల్ని మోసం చేయను. రెండేళ్ళ కిందట ఒక రైతు వచ్చారు, వయసు 59. చుట్ట కాలుస్తారు. పైదవడంతా పళ్ళు తీయించి నాలుగు ఇంప్లాంట్ల మీద మొత్తం పళ్ళ కట్టు బిగించారు. ఆ కట్టుకి గులాబీ రంగు అంచు చిగురు మీదికి కప్పేసినట్టుంది, దాని కింద గుండుసూది కూడా దూరదు. నాలుగు చోట్లా చీము. కట్టు మొత్తం విప్పి శుభ్రం చేశాను, అంచు కోయించాను, చుట్ట తగ్గించమని ప్రతి విజిట్‌కీ బతిమాలాను. మూడు ఇంప్లాంట్లు తేరుకున్నాయి. రెండిటి చుట్టూ రక్తం ఆగింది, మూడోదానికి సర్జరీ అవసరమైంది. నాలుగోదాని చుట్టూ ఎముక అప్పటికే మూడొంతులు పోయింది, దాన్ని తీసేయాల్సి వచ్చింది. కుర్చీలోంచి లేస్తూ ఆయనన్న మాట మరిచిపోలేను. "ఇనుము కదమ్మా, పుచ్చదు, ఇక దిగుల్లేదన్నారు. దీనికీ తోమాలని నాకెవరూ చెప్పలేదు."

ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు. కట్టుడు పళ్ళు రాత్రి తీసి నీళ్ళలో వేయాలని ఊళ్ళో ప్రతి ముసలమ్మకీ తెలుసు. ఇంప్లాంట్‌ని ఎలా చూసుకోవాలో చెప్పే ముచ్చట మాత్రం ఊళ్ళోకి ఇంకా రాలేదు. తేవాల్సినవాళ్ళం మనమే. నేను హాజరైన మొదటి ఇంప్లాంట్ కోర్సు రెండు రోజులు నడిచింది. డ్రిల్లు ఎంత వేగంతో తిప్పాలి, టార్క్ (బిగించే బలం) ఎంత పెట్టాలి, ఎముక సరిపోకపోతే ఏం చేయాలి, అన్నీ చెప్పారు. క్యాప్ బిగించాక పేషెంట్‌ని ఎప్పుడు పిలవాలన్నది చివర్లో పది నిమిషాలు, అందరూ సర్టిఫికెట్ల కోసం లేచి నిలబడ్డాక. అందుకే మన గోడల మీద "జీవితాంతం గ్యారంటీ" అన్న బోర్డులున్నాయి. టైటానియానికి గ్యారంటీ ఇవ్వవచ్చేమో. చిగురుకి ఎవరూ ఇవ్వలేరు. ఆ బోర్డులు దించండని చేతులు జోడించి అడుగుతున్నాను.

ఇంకో విషయం, దీని గురించి ఎవరూ మాట్లాడటం లేదు. ఈ జనవరిలో డల్లాస్ నుంచి మాకు తెలిసినవాళ్ళ అమ్మాయి ఫోన్ చేసింది. సెలవుల్లో వచ్చినప్పుడు ఇక్కడ ఇంప్లాంట్ పెట్టించుకుంది, మరుసటి ఏడాది వచ్చి క్యాప్ వేయించుకుంది. ఇప్పుడు చిగురు వాచింది. అక్కడి డాక్టరు క్యాప్ విప్పి శుభ్రం చేద్దామనుకున్నాడు, ఏ కంపెనీదో తెలియక ఆగిపోయాడు. చాలా కంపెనీల స్క్రూలకి వాటిని విప్పే డ్రైవర్ మొన వేరువేరుగా ఉంటుంది. సరిపడనిది పెట్టి తిప్పితే స్క్రూ తల చెడుతుంది, ఆ తర్వాత అది ఎవరికీ ఊడిరాదు. పెట్టిన డాక్టరు క్లినిక్ మారారు, నంబరు పనిచేయడం లేదు. వాట్సాప్‌లో పంపిన ఎక్స్-రే ముందు పెట్టుకుని, మరల ఆకారాన్ని బట్టి కంపెనీ ఏదో ఊహిస్తూ నేను గంటసేపు కూర్చున్నాను. ఇంత టెన్షన్‌కి మందు ఒక్క కార్డు. కంపెనీ పేరు, వ్యాసం, పొడవు, లాట్ నంబరు, పెట్టిన తేదీ, క్యాప్ స్క్రూదా సిమెంట్‌దా, ఏ డ్రైవర్ కావాలి. పెట్టె మీది స్టిక్కర్ కార్డు మీద అతికిస్తే సగం పని అయిపోయినట్టే. ఆ స్టిక్కర్లు మనం పెట్టెతో సహా చెత్తబుట్టలో వేస్తున్నాం. పిల్లలు విదేశాల్లో, తల్లిదండ్రులు ఇక్కడ, ఏడాదిలో ఆర్నెల్లు అక్కడ గడిపేవాళ్ళు ఇంతమంది ఉన్న మన రెండు రాష్ట్రాల్లో ఈ కార్డు ఇవ్వడం మర్యాద విషయం కూడా కాదు, వైద్యంలో భాగం.

మిమ్మల్ని నేను అడుగుతున్నది పెద్ద పనేం కాదు. క్యాప్ బిగించిన రోజు ఒక ఆర్‌వీజీ తీసి దాచండి, చిగురు కుదుటపడ్డాక చుట్టూ ఆరు చోట్ల లోతు కొలిచి రాసిపెట్టండి. ఆ మొదటి అంకెలు లేకపోతే నాలుగేళ్ళ తర్వాత వచ్చిన 5 మిల్లీమీటర్లు మంచిదో చెడ్డదో మీకే తెలియదు. పేషెంట్ చేతికి అద్దమూ, ఇంటర్‌డెంటల్ బ్రష్షూ ఇచ్చి ఆయన చేతే చేయించండి. నోటితో చెప్పి పంపింది గుమ్మం దాటేలోపే మరిచిపోతారు. షుగర్ ఉన్నవాళ్ళని, పొగతాగేవాళ్ళని, చిగుళ్ళ జబ్బుతోనే పళ్ళు పోగొట్టుకున్నవాళ్ళని మూడు నెలలకోసారి పిలవండి. మిగతావాళ్ళని ఆర్నెల్లకి, ఎంత బాగున్నా ఏడాది దాటనివ్వకండి. మొదటి రెండేళ్ళ రీకాల్ ఫీజుని ఇంప్లాంట్ ఫీజులోనే కలిపి ముందే చెప్పండి. విడిగా అడిగితే రారు, ముందే కట్టిన డబ్బుంటే వస్తారు. ఇది నా క్లినిక్‌లో చూసి చెబుతున్న మాట. రక్తం కనపడిన రోజే శుభ్రం చేయండి. రెండు మూడు నెలలకి తగ్గకపోతే పరువు తక్కువ అనుకోకుండా చిగుళ్ళ డాక్టరు దగ్గరికి పంపండి. పంపిన మిత్రుణ్ణి నేనెప్పుడూ తప్పుపట్టలేదు. ఆలస్యంగా పంపినప్పుడు మాత్రం మనసు చివుక్కుమంటుంది.

మా డెంటల్ కౌన్సిళ్ళ పెద్దలకు కూడా రెండు విన్నపాలు. కౌన్సిల్ పాయింట్లు ఇచ్చే ప్రతి ఇంప్లాంట్ కోర్సులోనూ నిర్వహణకి, కత్తి లేని వైద్యానికి కనీసం సగం పూట, పేషెంట్ మీద చేసి చూపించేలా పెట్టించండి. రెండోది, డెంటల్ హైజీనిస్ట్‌లు, అంటే పళ్ళూ చిగుళ్ళూ శుభ్రం చేయడంలో శిక్షణ పొందినవాళ్ళు. 1948 నాటి దంతవైద్యుల చట్టంలోనే వాళ్ళకి రిజిస్ట్రేషన్‌తో సహా చోటిచ్చారు. స్వీడన్ లాంటి చోట్ల ఈ రీకాల్ పనిలో చాలా భాగం వాళ్ళదే. మన పట్నాల్లో హైజీనిస్ట్ ఉన్న క్లినిక్‌ని వేళ్ళ మీద లెక్కపెట్టాలి. ఇంటర్ చదివి ఉద్యోగం వెతుక్కునే ఆడపిల్లలు, మగపిల్లలు మా ఊళ్ళోనే ఎంతమందో. మంచి శిక్షణ ఇస్తే ఇది గౌరవంగా బతికే పని, ఒక్కో క్లినిక్‌లో వందల చిగుళ్ళని కాపాడే పని.

చదువుతున్న పేషెంట్లకు: మీ ఇంప్లాంట్ చుట్టూ రక్తం వస్తే తోమడం ఆపకండి, మెత్తటి బ్రష్‌తో ఇంకాస్త శ్రద్ధగా తోమండి. పెట్టిన డాక్టరు దగ్గరికి వెళ్ళి, ప్రోబ్‌తో కొలిచి ఎన్ని మిల్లీమీటర్లో కాగితం మీద రాసివ్వమని అడగండి. అడగడానికి మొహమాటపడకండి. మీ కార్డు మీరు అడిగి తీసుకోండి.

మాస్టారు పోయిన నెల నాలుగోసారి రీకాల్‌కి వచ్చారు. హెచ్‌బీఏ1సీ 7.1. చొక్కా జేబులో పెన్ను పక్కన ఇంటర్‌డెంటల్ బ్రష్. ఈసారి ఆయన వెంట ఇద్దరు స్నేహితులు వచ్చారు, ఇద్దరికీ ఇంప్లాంట్లున్నాయి. ఒకాయనకి ఆరేళ్ళయింది, ఇంకొకాయనకి మూడేళ్ళు. ఇప్పటిదాకా వాటి చుట్టూ ఎవరూ ప్రోబ్ పెట్టలేదు. ఒకాయనకి మ్యూకోసైటిస్, ఎముక పదిలంగా ఉంది, ఆ రోజే శుభ్రం చేసి పంపాను. ఇంకొకాయనకి క్యాప్ విప్పాలి, ఏ కంపెనీదో ఆయనకి తెలియదు. పెట్టిన డాక్టరుగారికి ఉత్తరం రాశాను. జవాబు కోసం చూస్తున్నాను.

ఇట్లు,
మీ తోటి చిగుళ్ళ డాక్టర్